రంగు డబ్బా మూత తీసే నేర్పు

ఒంటిమిట్టలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడకు వేసిన రంగు ఏపాటిదో ఆ ఎండే తేలుస్తుంది. అందుకే పెయింటర్ పనితనం కుంచె పట్టకముందే, ఎంపికలోనే తెలుస్తుందంటాను. పాత గోడను అరచేత్తో రుద్ది చూస్తాడు. చేతికి పొడి అంటితే, రంగును గోడకు పట్టి ఉంచే జిగురు చచ్చిపోయిందని అర్థం. ఖరీదైన ఎమల్షన్ ఎందుకు, సున్నం చాలదా అనేవాళ్లున్నారు. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది, నిజమే. కానీ తరచూ వెయ్యాలి. కూలి కూడా లెక్కేస్తే, రెండు పూతల్లో గోడను కప్పి ఏళ్లు నిలిచే రంగే చవక. ఇక నిరుడు మిగిలిన డబ్బా దగ్గర అతని జాగ్రత్త ఎంత ముచ్చటైనదో! మూత తీయగానే వాసన చూస్తాడు. కుళ్లు కంపు కొడితే నీటి రంగులో బాక్టీరియా చేరినట్టే, అది గోడకు పనికిరాదు. ఎనామెల్ మీద మీగడలా కట్టిన పొరను కలిపెయ్యడు, అంచు చుట్టూ కోసి ఎత్తి తీసేస్తాడు. అడుగున పేరుకున్న ముద్దను కర్రతో పైకి లేపి, పాత పంచె గుడ్డలో వడకట్టి, గోడ మూలన జానెడు మేర పూసి ఆరనిస్తాడు. కొత్తది కొంటే పోయేదానికి ఇంత శ్రమ దేనికని అడగొచ్చు. మూత బిగించి నీడపట్టున ఉంచిన మంచి రంగు ఏడాది తర్వాతా పనికొస్తుంది. తలుపు మీద పెచ్చు ఊడిన చోట సరిగ్గా అదే ఛాయ కావాలంటే, కొత్త డబ్బాలో దొరుకుతుందన్న నమ్మకం లేదు.