మొహీను గుఱ్ఱములు: గూఢగీతముల అర్థాన్వేషణ

1970 దశాబ్ది మధ్యకాలమున కలకత్తా నగరములో ఏడుగురు యువకులు ఒక గాయకబృందముగా ఏర్పడి, దానికి 'మొహీనేర్ ఘోడాగులి' అని పేరు పెట్టుకొన్నారు. మొహీను అనువాని గుఱ్ఱములు అని దాని అర్థము. ఈ మొహీను ఎవరు? పేరునకు మూలమైన జీవనానంద దాస్ కవితలో వెదకినను సమాధానము దొరకదు. 1948లో వెలువడిన 'సాత్‌టి తారార్ తిమిర్' సంపుటిలోని ఆ కవితయందు కార్తికమాసపు వెన్నెలబయలున గుఱ్ఱములు మేస్తూ ఉంటవి. అవి శిలాయుగమునుండి తప్పిపోయి వచ్చినట్లు తోచును. మొహీను మాత్రము కనబడడు. పేరుతోనే ఒక చిక్కుముడిని ముందుంచిన ఈ బృందము భారతదేశమున రాక్ సంగీతమునకు దేశభాషలో తొలి బాటలు వేసినవారిలో ఒకటి. వారి గీతములకు అర్థము వెదకుట ఎట్లు అన్నది గాయకులకే కాదు, కవులకును అనువాదకులకును సంబంధించిన ప్రశ్న.

గూఢగీతము వంగదేశమునకు క్రొత్తది కాదు. హరప్రసాద శాస్త్రి 1907లో నేపాళ రాజగ్రంథాలయమున కనుగొని 1916లో ప్రకటించిన చర్యాపదములు సంధ్యాభాషలో ఉన్నవి. బాఉల్ గాయకుల పాటలలోను పంజరము, పక్షి, నది అనునవి దేహమునకు, ప్రాణమునకు, సాధనకు సంకేతములు. మన పోతులూరి వీరబ్రహ్మము తత్త్వములును ఈ కోవలోనివే. ఐతే వీటికి తాళపుచెవి ఉన్నది. చర్యాపదములతో పాటు మునిదత్తుని సంస్కృతవ్యాఖ్య లభించినది. తత్త్వములకు గురుశిష్యపరంపర ఉన్నది. అడిగినవానికి చెప్పువాడు ఒకడు ఎక్కడనో ఉన్నాడు.

ఆధునికగీతమునకు అట్టి గురువు లేడు. ఇచ్చటనే వ్యాఖ్యాతలు రెండు విధముల దారి తప్పుచున్నారు.

మొదటివారు గీతమును కవి జీవితరహస్యములు దాచిన పెట్టెగా భావింతురు. బాబ్ డిలన్ పాటల అర్థము తెలిసికొనుటకై అమెరికాలో ఒక వీరాభిమాని 1970 ప్రాంతమున ఆయన ఇంటి చెత్తబుట్టలను కూడ గాలించినాడు. అతనికి దొరకినది చెత్తయే. రెండవవారు పాటకు అర్థమే అక్కరలేదనియు, నాదము చాలుననియు వాదింతురు. తన పాత బడిలో పిల్లలచేత బీటిల్స్ గీతములకు అర్థతాత్పర్యములు చెప్పించుచున్నారని విని, జాన్ లెనన్ 1967లో 'ఐ యామ్ ది వాల్రస్' అను పాటను కావలెనని తికమకగా వ్రాసిన సంగతి ప్రసిద్ధము. ఐనను ఆ వాల్రస్ ఎక్కడినుండి వచ్చినది? బాల్యమున చదివిన లూయీ కారల్ పద్యమునుండి. అర్థము లేకుండ వ్రాయదలచినవానిని కూడ అతడు చదివిన చదువు విడిచిపెట్టలేదు.

నాదమే చాలునన్న వాదమునకు ఈ బృందపు చరిత్రయే మరియొక సమాధానము. 1995లో వెలువడిన వారి సంకలనములో ఒక గీతము, లోకము చిన్నదై ఇంటిలోని పెట్టెలో ఇమిడిపోవుచున్నదని, దగ్గరివారు మాత్రము దూరమగుచున్నారని వాపోవును. 2006లో ఆ బాణీయే 'గ్యాంగ్‌స్టర్' అను హిందీ చిత్రములో విరహగీతమైనది. దేశమంతయు దానిని పాడుకొన్నది. బాణీ చెక్కుచెదరలేదు, తొలిగీతపు వేదన మాత్రము ఆ ప్రయాణములో వెంట రాలేదు. అది మాటలలో ఉన్నదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలసిన పనిలేదు.

మరి వ్యాఖ్యాతకు దారి ఏది? మెదకుసీమ కొల్చారమువాడైన మల్లినాథసూరి, మూలములేనిదియు, అపేక్షితము కానిదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసినాడు. కాళిదాసునకు చాలిన ఆ నియమము గిటారు పాటకును చాలును. 1977లో వెలువడిన వారి తొలి రికార్డులోని 'హాయ్ భాలోబాసి' గీతమును చూడుడు. అందు పాడువాడు తనకు ఇష్టమైనవాటిని వరుసగా చెప్పును: వెన్నెల, ఇటలీ మహాకవి, స్పెయిన్ చిత్రకారుడు, డిలన్, మన రవిశంకర్. ఐనను ఏదియు రుచించుట లేదనును.  బృందనాయకుడు గౌతమ్ చట్టోపాధ్యాయ నక్సల్బరీ ఉద్యమమున పాల్గొని చెఱసాల చూచినవాడు. దేశము అప్పుడప్పుడే అత్యయికస్థితినుండి బయటపడినది. కావున ఆ అరుచికి కారణము రాజకీయమేనని తేల్చివేయుట సులభము. ఆ రికార్డు పేరులోనే 'సంవిగ్న పక్షికులము' ఉన్నది. కలకత్తా కలత దానిలో లేదనరాదు. కాని పాటలో ఉన్నది ఒక జాబితా, దానివెనుక ఒక వెలితి. లోకమందలి శ్రేష్ఠకళలనన్నిటిని ప్రేమించియు పూడని ఆ వెలితియే ఆ గీతపు అర్థము. చరిత్ర దానికి వెలుగునీయవచ్చును. దాని స్థానమున కూర్చుండరాదు.

ఇది అనువాదకునకు ప్రాణసంకటము. తెలుగు పాఠకునకు అర్థము కాదేమోనను భయముతో అతడు 'ఎందుకనగా' అని ఒక్క మాట చేర్చెనా, పాట అచ్చటనే ముగిసిపోవును. ఆరుద్ర 'త్వమేవాహం' చదివి తికమకపడిన పాఠకలోకము మనది. ఆ తికమకలోనుండియే క్రొత్తగా చదువుట నేర్చుకొన్నది. పాఠకుని తక్కువగా అంచనా వేయు అనువాదము కవికిని ద్రోహము చేయును, పాఠకునికిని ద్రోహము చేయును.

1981లో బృందము విడిపోయినది. 1999లో గౌతమ్ కన్నుమూసినాడు. జీవించియుండగా కొద్దిమందికే తెలిసిన జీవనానందునకు, మరణించిన మరుసటి యేడు, 1955లో, సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన గుఱ్ఱములను బృందము పాటలలోనికి తోలుకొనివచ్చినది. వంగయువకులు నేటికిని ఆ పాటలు పాడుచున్నారు. మొహీను ఎవరో వారిలో ఎవరును అడుగరు. వెన్నెలలో మేయు గుఱ్ఱమును చూచినవానికి యజమాని పేరు తెలియవలసిన అగత్యము లేదు. అది ఏ పచ్చికను మేయుచున్నదో తెలిసిన చాలును.