తెర ముందు కూర్చున్నవారు

టెలివిజను పాఠాలను విమర్శించేవారు తెరను చూస్తారుగాని, దాని ముందు కూర్చున్నవారిని చూడరు.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ద్వారా దేశంలో సుమారు 2400 పల్లెలకు విద్యాప్రసారాలు అందాయి. మన పల్లెలకు తెలుగులోనే అందాయి. గడువు తీరింది, ఉపగ్రహం మరలిపోయింది. 1984లో దూరదర్శన్‌లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘంవారి కార్యక్రమం మొదలైంది. పేరేమో దేశమంతటికీ తరగతిగది. భాష ప్రధానంగా ఇంగ్లీషు. పల్లెటూరి విద్యార్థి ఆ దేశంలో లేడన్నమాట!

2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, యాదగిరి ఛానెల్‌లో బడిపిల్లలకు తెలుగులో పాఠాలు వచ్చాయి. ఆ మేరకు మేలేనని ఒప్పుకుంటాను. కాని ఆనాడు నార్కట్‌పల్లిలో ఆ పాఠాలు చూసి, ఈనాడు నా తరగతిలో కూర్చున్న ఒక కూలివారి అమ్మాయి అన్నది: "సమజ్ కాకపోతే టీవీని ఆపి అడుగుడెట్ల సార్?"