40 కిలోబైట్ల లోకం

తొంభైల్లో బెజవాడ ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియోగేములు చాలావరకు 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కి నకళ్లే. ఆట మొరాయిస్తే కేసెట్‌ను ఉఫ్‌మని ఊది మళ్లీ దూర్చేవాళ్లం. ఆ తెర మీద బొమ్మలు వేసినవాళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే.

1981 నాటి డాంకీకాంగ్‌లో నింటెండో ఆటల రూపకర్త షిగెరు మియమోటో ఆ ఆట హీరో మారియోకి మీసం ఎందుకు పెట్టాడు? ఉన్న కాసిని చుక్కల్లో నోరు గీయడం కుదరదు. మీసం పెడితే ముక్కు తేటగా కనిపిస్తుంది. జుట్టు గీసే బాధ టోపీతో తీరింది. చేతుల ఊపు తెలియాలని ఒంటికి వేరే రంగు డంగరీ తొడిగాడు.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు. అందుకే అందులో ఆకాశంలోని తెల్లమేఘం, నేల మీది పచ్చపొద ఒకే బొమ్మ, రంగే తేడా. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఈ కిటుకు ఇట్టే తెలుస్తుంది: అచ్చు అదే అయినా రంగు మారిస్తే గుడ్డ తీరే మారిపోతుంది. మారియోకి ఎదురొచ్చే శత్రువు గూంబా నడక మరీ ముచ్చట. ఒకే బొమ్మను కుడిఎడమలు తిప్పుతూ పోతారు, అడుగులు పడుతున్నట్టే ఉంటుంది!

నా దృష్టిలో ఇది అచ్చమైన చిత్రకళ. మీ పిల్లలకు ఆ ఆట చూపించేటప్పుడు ఒక్క క్షణం ఆపి, ఆ మేఘాన్నీ పొదనూ చూపించండి.