కత్తి - ఖడ్గం, ఇష్టం - చిత్తం: తెలుగు బైబిల్‌లో గెత్సేమనే ఘట్టం

ప్రస్తావన

ఆయుధాన్ని గురించిన క్రైస్తవ చర్చ ఎక్కడ మొదలైనా గెత్సేమనే ఘట్టం దగ్గరకు రాక తప్పదు. యేసును బంధించడానికి మందలు మందలుగా మనుషులు వస్తారు. శిష్యులలో ఒకడు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుని చెవి నరుకుతాడు. కొద్దిసేపటికి శిష్యులందరూ పారిపోతారు. ఆయుధం, అహింస, దైవసంకల్పం, మానవ స్వేచ్ఛ అనే నాలుగు ప్రశ్నలూ ఈ చిన్న ఘట్టంలో ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి.

ఈ వ్యాసం ఆ ఘట్టాన్ని తెలుగు వచనంగా పరిశీలిస్తుంది. బైబిల్ సొసైటీ ప్రచురణగా ప్రొటెస్టెంటు సంఘాలలో దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న గ్రాంథిక అనువాదం దీనికి ఆధారం. మూలంలో ఒకటిగా ఉన్న మాట తెలుగులో రెండుగా విడిపోయిన సందర్భాలు రెండు ఈ ఘట్టం చుట్టూ కనిపిస్తాయి. ఒకటి కత్తి - ఖడ్గం, రెండవది ఇష్టం - చిత్తం. రెండు విభజనల వెనుకా ఉన్నది అంతస్తుల భేదమేననీ, అహింస ఎవరి ధర్మం అన్న ప్రశ్నకు తెలుగు పాఠకుడు చెప్పుకొనే సమాధానాన్ని అది ప్రభావితం చేస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నాలుగు కథనాలు

ఈ సంఘటనను నాలుగు సువార్తలూ చెప్పాయి. కాని ఒకే విధంగా చెప్పలేదు. మార్కు కథనంలో కత్తి దూసినవానికి మందలింపు లేదు. మత్తయిలో కత్తిని తిరిగి దాని స్థానంలో పెట్టమన్న ఆజ్ఞ ఉంది, కత్తి పట్టినవారు కత్తికే బలి అవుతారన్న హెచ్చరిక ఉంది. లూకా ఒక్కడే తెగిన చెవి స్వస్థపడిందని చెప్పాడు. యోహాను ఒక్కడే ఇద్దరి పేర్లూ చెప్పాడు. నరికినవాడు పేతురు, దెబ్బ తిన్నవాడు మల్కు.

లూకా కథనంలో మరొక చిక్కు ఉంది. తోటకు బయలుదేరే ముందు, కత్తి లేనివాడు తన వస్త్రం అమ్మి అయినా ఒకటి కొనుక్కోవాలని యేసే అంటాడు. శిష్యులు రెండు కత్తులు చూపిస్తారు. చాలునన్న ఒక్క మాటతో ఆ సంభాషణ ముగుస్తుంది. ఆయుధ ధారణను సమర్థించేవారు ఈ మాటను ప్రమాణంగా చూపుతారు. అయితే పన్నెండుమందికి రెండు కత్తులు ఏ యుద్ధానికీ చాలవు. అదే అధ్యాయంలో ఆ కత్తులలో ఒకటి ఉపయోగపడిన ఒకే ఒక్క సందర్భాన్ని యేసు ఆపి, గాయాన్ని మాన్పుతాడు. కనుక ఆ చాలునన్న మాటను అనుమతిగా కంటే చర్చకు పెట్టిన ముగింపుగా గ్రహించడమే ప్రకరణానికి అనుకూలం.

దెబ్బ తిన్న వ్యక్తి ఎవరన్నది కూడా గమనించదగినది. బంధించమని ఆజ్ఞాపించిన ప్రధానయాజకుడు ఆ చోట లేడు. కత్తి తగిలింది అతని దాసునికి. ధర్మాగ్రహంతో ఎత్తిన ఆయుధం అధికారాన్ని తాకలేక, అధికారం ముందుకు తోసిన సేవకుణ్ణి గాయపరిచింది. యోహాను ఆ దాసుని పేరు నమోదు చేయడం వల్ల అతడు గుంపులో ఒకడుగా మిగలక, ఒక మనిషిగా పాఠకుని ముందు నిలుస్తాడు.

ఒక గ్రీకు మాట, రెండు తెలుగు మాటలు

పేతురు చేతిలోని ఆయుధానికి గ్రీకు మూలంలో వాడిన మాట మఖైర. మత్తయి 10:34లో తాను పంపడానికి వచ్చానని యేసు చెప్పిన ఆయుధానికీ, రోమా 13:4లో అధికారి ధరించే ఆయుధానికీ, ఎఫెసీ 6:17లో ఆత్మ సంబంధమైన ఆయుధానికీ, హెబ్రీ 4:12లో దేవుని వాక్యానికి ఉపమానమైన ఆయుధానికీ మూలంలో ఇదే మాట. తెలుగు అనువాదం మాత్రం తోటలోని ఆయుధాన్ని కత్తి అనీ, తక్కిన నాలుగు చోట్లా ఖడ్గమనీ అంటుంది.

అనువాద కళ దృష్ట్యా ఇది దోషం కాదు. తెలుగులో ఈ రెండు మాటలకూ స్థాయీభేదం ఉంది. కత్తి దేశ్యం. కూరగాయలు తరిగేదీ, కంప కొట్టేదీ, మేక మెడ కోసేదీ కత్తే. ఖడ్గం తత్సమం. అది రాజుల నడుముకూ, దేవతల చేతికీ, ప్రబంధాల యుద్ధవర్ణనకూ చెందిన మాట. జాలరి చేతిలోనిది కత్తి కావడం, వాక్యానికి ఉపమానమైనది ఖడ్గం కావడం తెలుగు చెవికి సహజంగానే వినిపిస్తుంది. యెషయా 2:4లో ఖడ్గాలు నాగటి నక్కులుగా మారితే ఈటెలు మచ్చుకత్తులుగా మారతాయి. అక్కడ కత్తి పనిముట్టు, ఖడ్గం ఆయుధం. ఈ విభజన అన్ని చోట్లా నియమంగా సాగలేదు. లూకా 21:24లో జనసంహారం సందర్భంలో కూడా కత్తి అనే మాటే వచ్చింది. అయినా మొగ్గు స్పష్టమే.

ఈ సహజత్వమే ఒక ప్రమాదాన్ని తెస్తుంది. తోటలో ఒరలో పెట్టమన్నది కత్తిని. రోమా పత్రికలో అధికారి ధరించేది ఖడ్గం. తెలుగు మాత్రమే చదివే పాఠకునికి ఇవి రెండు వేర్వేరు వస్తువులు. నిషేధం మొదటిదానికే వర్తిస్తుందనీ, రెండవది దాని పరిధిలోకి రాదనీ అతడు అనుకోవడానికి భాషే దారి చూపుతుంది. మూలంలో అలాంటి దారి లేదు. అందుకే ఆ సమస్య ఇన్ని శతాబ్దాలు చర్చకు నిలిచింది. పేతురు ఆయుధాన్ని విడిపించడంలోనే ప్రభువు సైనికులందరి ఆయుధాలనూ విడిపించాడని తెర్తుల్లియన్ వాదించాడు. లూకా చెప్పిన రెండు కత్తులను ఆధ్యాత్మిక, లౌకిక అధికారాలకు సంకేతాలుగా తీసుకొని, రెండూ సంఘం ఆధీనంలోనివేనని 1302లో పోపు ఎనిమిదవ బోనిఫేసు తన శాసనంలో ప్రకటించాడు. 16వ శతాబ్దపు ఐరోపాలో మెన్నోనైట్ల వంటి శాఖలు సైన్యంలో చేరడాన్నే నిరాకరించాయి. ఆ సంప్రదాయానికి చెందిన మిషనరీలు 19వ శతాబ్ది చివర నల్గొండ ప్రాంతానికీ, అనంతరం మహబూబ్‌నగర్ ప్రాంతానికీ వచ్చారు. అంటే రాజ్యం చేతి ఆయుధాన్ని కూడా ప్రశ్నించిన శాఖకు తెలుగు నేల మీద సుమారు నూటముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

తెలుగు పాఠంలోనే ఈ ప్రమాదానికి విరుగుడు కూడా ఉంది. ప్రకటన 13:10లో ఆయుధంతో చంపినవాడు ఆయుధంతోనే చావాలన్న నియమం మళ్లీ వస్తుంది. ఈసారి తెలుగు మాట ఖడ్గం. కత్తికి చెప్పిన నియమమే ఖడ్గానికీ చెప్పినట్లయింది. అంతకంటే బలమైన సాక్ష్యం తోటలోనే ఉంది. యేసును పట్టుకోవడానికి వచ్చినవారి చేతుల్లో ఉన్నవి కూడా తెలుగులో కత్తులే, గుదియలే. వారు అధికారం పంపగా వచ్చినవారు. అయినా అనువాదకులు అక్కడ ఖడ్గమనలేదు. బందిపోటు మీదికి వచ్చినట్లు వచ్చారేమని యేసు వారిని నిలదీస్తాడు. ఆ రాత్రి తోటలో ఎవరి ఆయుధానికీ గౌరవవాచకం దక్కలేదు.

అహింస ఎవరి ధర్మం?

ఈ పరిశీలన కేవలం పదచర్చ కాదు. తెలుగు క్రైస్తవ సమాజంలో అధికభాగం దళిత కులాల నుంచి వచ్చినవారు. కారంచేడు (1985), చుండూరు (1991) హత్యాకాండల తర్వాత తెలుగు సాహిత్యంలో హింసను గురించిన ప్రశ్న పాత రూపంలో మిగలలేదు. దెబ్బ తిన్నవానికి సహనం బోధించి, కొట్టినవాని ఆయుధం గురించి మౌనం వహించే నీతిని దళిత సాహిత్యం తీవ్రంగా ప్రశ్నించింది. కత్తికి నిషేధం, ఖడ్గానికి మినహాయింపు అన్న పఠనం సరిగ్గా ఆ నీతికే ఊతమిస్తుంది. బలహీనుడు ఒరలో పెట్టాలి, బలవంతుడు ధరించవచ్చు అన్నది దాని సారాంశం.

గెత్సేమనే ఘట్టాన్ని అలా బోధించడం పాఠాన్ని వక్రీకరించడమే అవుతుంది. అక్కడ యేసు ఇరుపక్షాలనూ ఉద్దేశించి మాట్లాడాడు. తనవాని ఆయుధాన్ని ఆపాడు, ఎదుటివారి ఆయుధాలను ప్రశ్నించాడు. రెండవ సగాన్ని వదిలి మొదటి సగాన్ని మాత్రమే వినిపించే ప్రసంగం అహింసా బోధ కాదు, అణకువ బోధ. విశ్వాసిగా ఆ ఘట్టాన్ని చదివే నాకు, విమర్శకునిగా చదివినప్పుడు తేలిన మొదటి విషయం ఇదే.

ఇష్టం - చిత్తం

కత్తి దూయడానికి కొద్దిసేపటి ముందు అదే తోటలో ప్రార్థన జరిగింది. లూకా 22:42లో గ్రీకు మూలం థెలేమా అన్న ఒకే మాటను కుమారునికీ తండ్రికీ ఉమ్మడిగా వాడింది. తెలుగు దాన్ని కూడా విడదీసింది. కుమారునిది ఇష్టం, తండ్రిది చిత్తం.

ఇక్కడ కూడా భేదం అంతస్తుదే. ఇష్టమంటే మనసుకు నచ్చడం. చిత్తమంటే సంస్కృతంలో మనస్సే అయినా, తెలుగు వాడుకలో అది పైవారి సంకల్పం. ప్రభువులు చిత్తగిస్తారు, సేవకులు చిత్తమంటారు. దొర ముందు చేతులు కట్టుకొని పలికే సమ్మతి వాచకం ప్రార్థనలోకి వచ్చినప్పుడు, తండ్రి సంకల్పానికి లోబడడం దాస్య వినయంగా ధ్వనించే అవకాశం ఉంది. మానవ సంకల్పం ఇష్టాయిష్టాల స్థాయికి దిగిపోతుంది. 680-681లో జరిగిన కాన్‌స్టాంటినోపుల్ సభ, క్రీస్తులో దైవ సంకల్పంతో పాటు పరిపూర్ణమైన మానవ సంకల్పం కూడా ఉందని నిర్ణయించింది. ఆ నిర్ణయానికి వెనుక మాక్సిమస్ వంటి వేదాంతులు చేసిన ఈ ప్రార్థనా వ్యాఖ్యానమే ప్రధాన ఆధారం. ఒక సంకల్పం మరొకదాన్ని అణచివేయలేదనీ, మానవ సంకల్పం స్వేచ్ఛగా సమ్మతించిందనీ వారి వాదం. ఇష్టమన్న మాటలో ఆ బరువు పూర్తిగా పలకదు. అయితే దానికొక గుణం ఉంది. మరణం యేసుకు ఇష్టం కాదన్న సంగతిని అది దాచదు. ఇష్టం లేకపోయినా ఎంచుకోవడంలోనే స్వేచ్ఛ ఉందని గ్రహిస్తే ఆ అనువాదం ప్రార్థనను మరింత మానవీయం చేసిందని కూడా చెప్పవచ్చు.

స్వేచ్ఛకు మరొక సాక్ష్యం మత్తయి 26:53. కోరితే పన్నెండు లెజియన్లకు మించిన దూతలు వస్తారని యేసు అంటాడు. పూర్తి బలం గల రోమను లెజియన్‌లో సుమారు 5,000 నుంచి 6,000 మంది ఉంటారు. తెలుగు అనువాదం ఇక్కడ సేనావ్యూహమన్న మాట వాడి, పాఠకుణ్ణి తిన్నగా భారతయుద్ధం ముందు నిలబెట్టింది.

నిరాయుధ దైవం: భారతంతో పోలిక

ఉద్యోగపర్వంలో కృష్ణుడు ఇద్దరి ముందు రెండు కోరికలు ఉంచుతాడు. ఒకవైపు నారాయణ సేన, మరొకవైపు ఆయుధం పట్టని తాను. అర్జునుడు నిరాయుధుణ్ణి కోరుకుంటాడు. దైవం ఆయుధం విడిచి, ఎంపికను మనిషికి వదిలిన అరుదైన సన్నివేశమిది. తిక్కన తెలుగులో దాన్ని చదివిన పాఠకునికి గెత్సేమనే పూర్తిగా కొత్తగా తోచదు.

కాని భీష్మపర్వంలో ఆ ప్రతిజ్ఞ నిలవదు. అర్జునుని కాపాడడానికి కృష్ణుడు చక్రం పట్టి రథం మీది నుంచి దూకుతాడు. అర్జునుడు పాదాలు పట్టి ఆపుతాడు. పోతన భీష్మస్తుతిలో ఆ దృశ్యమే భక్తి పరాకాష్ఠ అయింది. భక్తుని కోసం మాట తప్పిన దైవం మరింత ప్రియమైన దైవం. గెత్సేమనేలో ఈ సంబంధం తలకిందులవుతుంది. ఇక్కడ దైవం కోసం భక్తుడు ఆయుధం ఎత్తుతాడు, దైవం అతని చేతిని ఆపుతుంది. ఈ పోలిక ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అని తేల్చడానికి కాదు. రక్షణ అన్న మాటకు రెండు సంప్రదాయాలు ఇచ్చిన అర్థాలు వేరు. తెలుగు క్రైస్తవ పాఠకుడు ఈ రెండింటి మధ్య నిలబడి చదువుతాడు. చక్రధారి అయిన రక్షకుణ్ణి ప్రేమించిన భాషలోనే అతడు ఆయుధం నిరాకరించిన రక్షకుణ్ణి గురించి ఆలోచించాలి. పేతురు తొందరపాటు అతనికి అంత తప్పుగా తోచకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

ముగింపు

కత్తి - ఖడ్గం, ఇష్టం - చిత్తం అన్న విభజనలు అనువాదకుల అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. అంతస్తులను బట్టి మాటలు మార్చుకొనే భాషలో అవి సహజంగా వచ్చాయి. అందువల్లనే వాటిని గుర్తించి చదవడం అవసరం. గుర్తించకపోతే అహింస కింది మెట్టువారి విధిగానూ, ఆయుధం పై మెట్టువారి హక్కుగానూ, స్వేచ్ఛ దేవునికి మాత్రమే చెందినదిగానూ మిగులుతాయి. సువార్తల కథనం ఈ మూడింటినీ సమర్థించదు.

చివరగా ఒక కథన విశేషం. కత్తిని ఒరలో పెట్టమన్న ఆజ్ఞ మత్తయిలోనూ యోహానులోనూ ఉంది. పేతురు పెట్టాడన్న వాక్యం ఏ సువార్తలోనూ లేదు. పన్నెండు సేనావ్యూహాలను పిలవగలిగినవాడు శిష్యుని చేతిలోని ఒక్క కత్తిని బలవంతంగా లాక్కోలేదు. ఆజ్ఞకూ ఆచరణకూ నడుమ కథకులు విడిచిన ఆ ఖాళీలోనే మానవ స్వేచ్ఛ ఉంది. అహింస నిర్బంధంగా కాక నిర్ణయంగా ఉండవలసిన చోటు కూడా అదే.