ఆరు పేజీల పనితనం

1976 సెప్టెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆరు పేజీల పరిశోధన పత్రం ఒకటి అచ్చయింది. రాసినవాళ్లు బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ స్టూవర్ట్ లెవీ, ఆయన సహచరులు ఫిట్జెరాల్డ్, మకోన్. కోళ్ల దాణాలో యాంటీబయాటిక్ కలిపితే ఆ కోళ్ల పేగుల్లోని బాక్టీరియా ఏమవుతుంది, వాటి మధ్య తిరిగే మనుషుల పేగుల్లో ఏం జరుగుతుంది అన్నది అందులోని విషయం. దాని ఫలితం గురించి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ ఫలితాన్ని రాబట్టిన తీరు. కాదనేవాళ్లకు ఎక్కడెక్కడ సందు దొరుకుతుందో ముందే ఊహించి, ఒక్కొక్కటీ మూసుకుంటూ వెళ్లిన పని అది.

దాణాలో మందు కలిపే అలవాటు మొదలైన చోటుకి తెలుగువాడి పేరుతో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే అక్కడ ఆరియోమైసిన్ బయటపడింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు అది. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత కొద్దికాలానికే అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆ మందు తయారయ్యాక మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. వాళ్లు వెతుకుతున్నది బి12 విటమిన్ కోసం. పిల్లలు అనుకున్నదానికన్నా వేగంగా పెరిగాయి. 1950 నుంచి ఆ సంగతి లోకమంతా పాకింది. రోగాన్ని నయం చేయడానికి పుట్టిన మందు, రోగమే లేని కోట్ల పశువులకూ కోళ్లకూ రోజువారీ మేతలో భాగమైపోయింది.

ఇరవై ఏళ్లకు అనుమానాలు ముదిరాయి. బ్రిటన్‌లో 1969లోనే స్వాన్ కమిటీ హెచ్చరించింది. అయినా పరిశ్రమ దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది: ‘ఫారాల్లో మందుకు లొంగని బాక్టీరియా ఉంది, సరే. అది మా దాణా వల్లే వచ్చిందని ఎవరు చూశారు? మనుషుల్లో ఉన్నది మనుషులు వాడిన మందుల వల్ల కావచ్చు కదా?’ న్యాయమైన ప్రశ్నే. అప్పటికే నడుస్తున్న ఫారానికి వెళ్లి నమూనాలు తీస్తే దానికి సమాధానం రాదు. అక్కడ నిన్న ఏం పెట్టారో, మొన్న ఏం పెట్టారో ఎవరికీ తెలియదు.

అందుకే లెవీ కొత్తగా ఒక మంద పెట్టారు. బోస్టన్‌కు దగ్గర్లోని షెర్బర్న్‌లో ఒక కుటుంబం ఇందుకు ఒప్పుకుంది. ఖర్చు భరించింది పశువుల మందుల తయారీదారుల సంఘం. ప్రమాదమేమీ లేదని తేలుతుందని వాళ్ల ఆశ. 300 లెగ్‌హార్న్ కోడిపిల్లలను యాభయ్యేసి చొప్పున గుంపులు చేశారు. సగం గుంపులకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా, మిగతా సగానికి మామూలు దాణా. మందు మొదలుపెట్టకముందే కోళ్ల పేగుల్లోనూ మనుషుల పేగుల్లోనూ ఏముందో పరీక్షించి పెట్టుకున్నారు. ఆ పునాది లేకపోతే తర్వాత కనిపించిన మార్పును మార్పు అనే హక్కు ఉండేది కాదు.

కోళ్లకు పోలిక కోళ్లే. మరి మనుషులకు? ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు. ఫారం మీద ఉండే 11 మంది నుంచీ, అదే ఊళ్లో అదే గాలి పీలుస్తూ కోళ్ల జోలికి పోని 24 మంది నుంచీ వారం వారం మలం నమూనాలు సేకరించారు. నెలల తరబడి పిల్లాపెద్దా అందరూ ఇంత ఇబ్బందికరమైన పనికి సహకరించడం చిన్న విషయం కాదు. ఆ కుటుంబాలకూ ఈ పత్రంలో వాటా ఉందని నేను నమ్ముతాను.

కొలిచిన పద్ధతిలో ఇంకో నేర్పు ఉంది. మందుకు లొంగని బాక్టీరియా ఉందా లేదా అని అడిగితే దాదాపు అందరిలోనూ కొంత ఉంటుంది. లెవీ అడిగింది మొత్తంలో దాని వాటా ఎంత అని. నమూనాలో నూటికి ఎనభై పాళ్లు దాటితే లెక్కలోకి తీసుకున్నారు. అంత గట్టి గీత గీసుకుంటే యాదృచ్ఛికంగా వచ్చేవి చాలావరకు రాలిపోతాయి.

ఫలితాలు వచ్చాయి. మందు దాణా తిన్న కోళ్లలో వారం తిరక్కుండానే పేగు బాక్టీరియా దాదాపు మొత్తం టెట్రాసైక్లిన్‌కు లొంగనిదైపోయింది. మనుషుల్లో మార్పు నెమ్మదిగా వచ్చింది. అయిదారు నెలలకు ఫారంవాళ్ల నమూనాల్లో 31.3 శాతం ఎనభై గీత దాటాయి, పొరుగువాళ్లలో 6.8 శాతమే. మనుషుల లెక్కన చూస్తే, ఒకటికి మించి నమూనాలు ఆ గీత దాటినవాళ్లు ఫారం మీద 11 మందిలో ఏడుగురు, పొరుగున 24 మందిలో ముగ్గురు.

అసలు కలవరపెట్టేది దీని తర్వాతి సంగతి. కోళ్లకు పెట్టింది ఒకే ఒక మందు. వారాలు గడిచేకొద్దీ బాక్టీరియా ఆ ఒక్కదానికే కాక, ఆ షెడ్డులో ఎవరూ వాడని మందులకూ లొంగడం మానేసింది. దీనికి కారణం ప్లాస్మిడ్లు. బాక్టీరియా లోపల విడిగా ఉండే ఈ చిన్న డీఎన్‌ఏ చుట్టలు ఒకదాన్నించి ఇంకొకదానికి దాటిపోగలవు. ఒక్కో చుట్ట మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు పక్కపక్కనే ఉండొచ్చు. తాళాలగుత్తిలో ఒక్క తాళంచెవి పట్టి లాగినా గుత్తంతా వచ్చేసినట్టు, టెట్రాసైక్లిన్ ఒక్కటే పెట్టినా మిగతా జన్యువులన్నీ దానితోపాటే పెరిగిపోతాయి. లెవీకి ఇది కొత్త కాదు. విద్యార్థి దశలోనే జపాన్ వెళ్లి, ఈ బదిలీలను అధ్యయనం చేసిన సుతోము వతనబె దగ్గర పనిచేసి వచ్చారు. అదే 1976లో నేచర్ పత్రికలో, ఇలాంటి ప్లాస్మిడ్లు కోడి నుంచి కోడికి, కోడి నుంచి మనిషికి చేరడాన్ని విడిగా చూపించారు.

ఇక్కడితో ఆపేసినా పేరొచ్చేది. ఆయన ఇంకో అడుగు వేశారు. మందు దాణాను పూర్తిగా తీసేసి మళ్లీ నమూనాలు చూశారు. ఆరు నెలలకు, పరీక్షించిన పదిమందిలో ఎనిమిది మందిలో టెట్రాసైక్లిన్‌కు లొంగని బాక్టీరియా జాడే లేదు. పెడితే పెరిగింది, తీస్తే తగ్గింది. కారణం, ఫలితం రెండు దిక్కుల నుంచీ ఒకే మాట చెప్పాయి. ఈ పత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఒక్క ఫారం, కొద్దిమంది మనుషులు. దాని ఆధారంగా దేశమంతటికీ అంకెలు కట్టలేం. కానీ జరగదు అని వాదించేవాళ్లకు, జరగడాన్ని కళ్లకు కట్టడానికి ఒక్క ఫారం చాలు. 2015లో చైనాలో పందుల నుంచి తీసిన బాక్టీరియాలో, చివరి ఆసరాగా దాచుకున్న కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద దొరికినప్పుడు, ఆ వార్తను అర్థం చేసుకునే దారి లెవీ వంటివాళ్లు వేసిందే.

విధానాలు మాత్రం నత్తనడక నడిచాయి. 1977లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాణాలో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ వాడకాన్ని కట్టడి చేయాలని ప్రతిపాదిస్తే కాంగ్రెస్ అడ్డుపడింది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్ వాడటాన్ని ఐరోపా 2006లో మానింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో అదే పని చేసింది. మన దేశం 2019లో పశువులకూ కోళ్లకూ కొలిస్టిన్‌ను నిషేధించింది. లెవీ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్న ప్రాంతం మనది. తిరుపతిలోనూ రాజేంద్రనగర్‌లోనూ పశువైద్యం చదువుతున్న విద్యార్థులకు నా మనవి ఒక్కటే: ఈ ఆరు పేజీలను పాఠంలో సారాంశంగా కాకుండా, మూలంలోనే, పట్టికలతో సహా చదవండి. చదివాక మీ దగ్గర్లోని కోళ్ల షెడ్డులో ఇలాంటి ప్రశ్న ఎలా అడగొచ్చో ఒక కాగితం మీద రాసి చూడండి.