బిత్తిరి సత్తి: ఎవర్ని చూసి నవ్వాం?

2014లో రాష్ట్రం వచ్చాక వీ6 ‘తీన్మార్ వార్తలు’లో బిత్తిరి సత్తి పెద్ద హిట్టయ్యాడు. తెలంగాణ యాసకి టీవీలో గౌరవం తెచ్చాడన్నారు కొందరు. సినిమాలు విలన్లకీ కమెడియన్లకీ అంటగట్టిన యాసని మళ్లీ ఓ బఫూన్ చేతిలోనే పెట్టారన్నారు ఇంకొందరు. ఇద్దరూ యాస దగ్గరే ఆగిపోయారు. మన నవ్వు ఎవరి మీదో అడగలేదు.

సత్తి ఏమీ తెలీనట్టు అడిగేవాడు. సావిత్రి విసుక్కుంటూ విడమర్చి చెప్పేది. ఆ చెప్పడంలో సర్కారు హామీ ఎక్కడ తప్పిందో బయటపడితే అది సెటైర్. సత్తి తెలివితక్కువతనం దగ్గరే నవ్వు అయిపోతే, అది పల్లెటూరి మనిషి మీద జోకు. ఆ షోలో రెండూ ఉండేవి, ఒక్కోసారి పక్కపక్కనే. మొదటిదానికి మంత్రిగారు ఇబ్బంది పడతారు. రెండోదానికి మనతోపాటు హాయిగా నవ్వుతారు.