నాలుగో అక్షరం

పాన్ కార్డు చేతికి రాగానే నా కన్ను ముందు నాలుగో అక్షరం మీదికి పోతుంది. అక్కడ పీ ఉంటే ఆ కార్డు ఒక మనిషిది. సీ అయితే కంపెనీది, టీ అయితే ట్రస్టుది. సొసైటీలకు ఎక్కువగా ఏ వస్తుంది. ‘మాది ట్రస్టండీ, పేద పిల్లలకు ఉచితంగా కంప్యూటర్ నేర్పిస్తాం, ఇరవై సిస్టమ్‌లు కావాలి’ అని దరఖాస్తు పెట్టినవాళ్ల పాన్‌లో నాలుగో అక్షరం పీ అయితే అక్కడ ఆగి ఒక ఫోన్ చేయాలి. ప్రతిసారీ మోసమే అనుకోకూడదు. డీడ్ రిజిస్టర్ చేయించి ఉంటారు, ట్రస్టు పేరు మీద పాన్ విడిగా తీసుకోవాలని ఎవరూ చెప్పి ఉండరు, పెద్దాయన సొంత కార్డే జత చేసి పంపేస్తారు. ఫోన్ చేసి రెండు మాటలు మాట్లాడితే తప్ప ఏది ఏదో తేలదు.

బెంగళూరు ఐటీ కంపెనీలు వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లను బడులకు, స్వచ్ఛంద సంస్థలకు చేర్చే పనిలో నేను కొన్నేళ్లుగా ఉన్నాను. ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చడం నా వంతు. మార్చి దగ్గర పడేకొద్దీ బల్ల మీద ఫైళ్లు గుట్టలు పడతాయి.

ప్రభుత్వ ఆఫీసుల్లో పాతబడ్డ కంప్యూటర్లు బడులకు ఇవ్వరా అని చాలామంది అడుగుతుంటారు. అమెరికాలో దానికొక పద్ధతి ఉంది. 1996 ఏప్రిల్‌లో క్లింటన్ సంతకం చేసిన 12999వ నంబరు ఉత్తర్వు ప్రకారం, ఫెడరల్ ఆఫీసులు తమకు అక్కర్లేని కంప్యూటర్లను ఇచ్చేటప్పుడు బడులకూ పిల్లల చదువు కోసం పనిచేసే లాభాపేక్ష లేని సంస్థలకూ పెద్దపీట వేయాలి. మన దగ్గర ప్రభుత్వ సామాను దారి వేరు. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం, అక్కర్లేని సామాను విలువ 2 లక్షల రూపాయలు దాటితే టెండరుకో బహిరంగ వేలానికో పోవాలి. 

బెంగళూరులో మాత్రం సర్కారు చెయ్యి తగిలిన కంప్యూటర్లు ఇంకో దారిన బడికి చేరతాయి. 1991లో మొదలైన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల కింద నమోదైన కంపెనీలకు సుంకం కట్టకుండా కంప్యూటర్లు దిగుమతి చేసుకునే వీలుంది. ఆ సుంకం వదులుకున్నది ఖజానా, అంటే మనందరం. అందుకే ఆ మిషన్‌ను కంపెనీ తన ఇష్టం వచ్చినవాళ్లకు ఇచ్చేయడానికి లేదు. రెండేళ్లు వాడాక సుంకం లేకుండానే దానం చేయొచ్చని విదేశీ వాణిజ్య విధానం చెబుతుంది, ఎవరికి ఇవ్వొచ్చో కూడా అదే చెబుతుంది: గుర్తింపు పొందిన, వ్యాపారం కాని విద్యాసంస్థలు, రిజిస్టరైన ధర్మాసుపత్రులు, పబ్లిక్ లైబ్రరీలు, ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనాలయాలు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు. గుర్తింపు ఉందా, వ్యాపారమా కాదా. ఈ రెండు ప్రశ్నలతోనే నాకు రోజంతా గడిచిపోతుంది.

బడి విషయంలో మొదటి ప్రశ్న తేలిక. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం: కర్ణాటకకు 29, ఆంధ్రకు 28, తెలంగాణకు 36. ఆ తర్వాత జిల్లా, బ్లాకు, ఊరు, చివరి రెండంకెలు బడి. కోడ్ కొడితే బడి రిపోర్టు కార్డు వస్తుంది. పిల్లలెందరు, టీచర్లెందరు, కరెంటుందా, కంప్యూటర్లెన్ని అన్నీ అందులో ఉంటాయి. అయితే ఆ కంప్యూటర్ల గడిలో సున్నా కనిపించినా నేను వెంటనే నమ్మను. ఉన్నాయని రాస్తే కొత్తవి రావేమోనని కొన్ని బడులు రాయవు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, ‘లేనివాళ్లకే ఇస్తాం’ అని మనమే కదా చెప్పాం.

రెండో ప్రశ్న కష్టం. ఒకసారి ఒక సంస్థ ఫైలు వచ్చింది. రంగుల ఫొటోలు, స్పైరల్ బైండింగు, ప్రతి పేజీ మీద గుండ్రటి స్టాంపు. నాలుగో అక్షరం టీ. స్వచ్ఛంద సంస్థలకిచ్చే నీతి ఆయోగ్ దర్పణ్ నంబరుంది, దాతలకు పన్ను రాయితీ తెచ్చే 80జీ ఉంది. నేను అప్పటిదాకా చూసిన ఫైళ్లన్నింటిలో అదే చక్కటిది. చిన్న సందేహం మాత్రం మిగిలింది. కరెంటు బిల్లు మీద కమర్షియల్ టారిఫ్ అని ఉంది. వెళ్లి చూస్తే అద్దాల తలుపు, లోపల నెలనెలా ఫీజు కట్టి నేర్చుకునే కోచింగ్ సెంటరు. ‘శనివారాలు ఉచితమండీ’ అన్నారు. నేను వెళ్లింది శనివారమే. ఆ రోజు నుంచి కరెంటు బిల్లు లేని ఫైలు నేను ముట్టుకోను.

దీనికి పూర్తిగా ఎదురు బాగేపల్లి వైపు ఒక సర్కారు బడి. బెంగళూరు నుంచి హైదరాబాద్ రోడ్డు మీద వంద కిలోమీటర్లు పోతే వచ్చే తాలూకా. బోర్డు మీద కన్నడం, ఆటస్థలంలో తెలుగు. లెటర్‌హెడ్ అయిపోయిందని హెడ్మాస్టరు గారు దరఖాస్తు రూళ్ల కాగితం మీద రాసి పంపారు. మూడేళ్ల కిందట వాళ్లకు ఎనిమిది సిస్టమ్‌లు ఇచ్చాం, మళ్లీ అడుగుతున్నారు, అందుకని వెళ్లాను.

“మేడమ్, ఎనిమిదిచ్చారు, ఆరు నడుస్తున్నాయి. రెండింటి ప్రాణం తీసి ఆరింటికి పోశాం” అన్నారాయన, అల్మారా తాళం తీస్తూ. స్టాక్ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచారు. సీరియల్ నంబర్లన్నీ ఆయన చేతి రాతే. మూడో దాని ర్యామ్ తీసి అయిదో దానికి ఏ తేదీన వేశారో రాసి ఉంది. ఒక మౌస్ ఎదురుగా ‘వైరు ఎలుక కొరికింది’ అని ఉంది, పక్కన బడి కమిటీ (ఎస్‌డీఎంసీ) అధ్యక్షురాలి వేలిముద్ర ఉంది. ప్లగ్గుల దగ్గర చెయ్యి పెడితే మొదట్లో షాక్ కొట్టేదట. బయట ఎర్త్ గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు వేయించారు, ఎండాకాలం పిల్లలు వంతులవారీగా అందులో చెంబెడు నీళ్లు పోస్తారు. నేను ఒక బల్బు హోల్డరు తెప్పించి ఫేజుకూ ఎర్తుకూ కలిపి చూశాను. ఫుల్లుగా వెలిగింది. ఆ రూళ్ల కాగితం దరఖాస్తు మీద నేను పెట్టిన సంతకం అంత నిశ్చింతగా ఇంకెక్కడా పెట్టి ఉండను.

ఇంతవరకు చెప్పినవి నేను సరిగ్గా చేసిన పనులు. తప్పు చేసిన పని కూడా ఒకటుంది, అది నన్ను వదలడం లేదు.

ఒక అపార్ట్‌మెంట్ కడుతున్న చోట, రేకుల షెడ్డులో కూలీల పిల్లలకు చదువు చెప్పే చిన్న ట్రస్టు నాలుగు ల్యాప్‌టాప్‌లు అడిగింది. రాయచూరు, యాద్‌గిరి, మహబూబ్‌నగర్ నుంచి పనికి వచ్చిన కుటుంబాలవి. యూడైస్ కోడ్ లేదు, రేకుల షెడ్డుకు కోడ్ ఎవరిస్తారు? ఆదాయపన్ను మినహాయింపు కోసం ట్రస్టులు తీసుకునే 12ఏ సర్టిఫికెట్ పంపారు, గోడకు వేలాడదీసిన ఫ్రేములోంచి తీసిన ఫొటో, అద్దం మీద ట్యూబ్‌లైటు వెలుగుతో సహా. ఒకప్పుడు ఆ సర్టిఫికెట్ శాశ్వతం. 2021 ఏప్రిల్ 1 నుంచి పాతవాళ్లందరూ మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది, చేసుకున్నా అప్పట్లో అది అయిదేళ్లే చెల్లేది. వాళ్లకు ఆ సంగతే తెలియదు. ‘గుర్తింపు లేదు, 12ఏ చెల్లదు, అర్హత లేదు’ అని ఒక్క లైను రాసి ఫైలు మూసేశాను.

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు. ఆ వారం మా గోడౌన్లో ఉన్న ల్యాప్‌టాప్‌లు సుంకం లేకుండా తెచ్చినవి కావు, కంపెనీ ఇక్కడే పన్నులన్నీ కట్టి కొన్నవి. గుర్తింపు పొందిన విద్యాసంస్థకే ఇవ్వాలన్న షరతు వాటికి వర్తించదు. కంపెనీ వాళ్లను ఒక మాట అడిగితే ఒప్పుకునేవాళ్లేమో, 12ఏ ఎలా తిరగరాయించుకోవాలో నేను ఆ ట్రస్టువాళ్లకు పక్కన కూర్చుని చెప్పి ఉంటే రెండు నెలల్లో అదీ అయ్యేదేమో. అడిగినవాళ్ల కాగితాలే చూశాను తప్ప మిషన్ కాగితాలు చూడలేదు. మరోసారి ఇన్వాయిస్‌లు సర్దుతుంటే గానీ ఇది నాకు తట్టలేదు.

ఇప్పుడు మొదటి ఫోన్ దానం చేసే కంపెనీకే వెళుతుంది. సుంకం కట్టినవా, కట్టనివా? ఎన్నేళ్లు వాడారు? ఆన్ అవుతాయా? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అండ నిలిచిపోయాక, కొత్త విండోస్ ఎక్కని మిషన్లను వదిలించుకునే తొందర ఎక్కువైంది. లినక్స్ వేస్తే వాటిలో చాలావరకు ఇంకా నాలుగేళ్లు నడుస్తాయి. కానీ మదర్‌బోర్డు పోయినదాన్ని బడి గుమ్మంలో దించి ఫొటో దిగితే అది దానం కాదు, చెత్త మోసే పని హెడ్మాస్టరు మీద వేయడం.

ఏడాది తర్వాత నేను ఆ షెడ్డు దగ్గరికి వెళ్లాను. అపార్ట్‌మెంట్ పూర్తయింది, షెడ్డున్న చోట కార్లు ఆగి ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఆ బడి సంగతే తెలియదు. ట్రస్టు నడిపే ఆవిడకు ఫోన్ చేస్తే కోపంగా ఏమీ అనలేదు. “సర్జాపుర రోడ్డులో ఇంకో సైటుకు మారామమ్మా, ఇప్పుడిస్తారా?” అని మాత్రం అడిగారు. నాలుగు ల్యాప్‌టాప్‌లు నేనే తీసుకెళ్లాను. కొత్త షెడ్డులో ఇరవై ఎనిమిది మంది పిల్లలున్నారు.

మొదటి దరఖాస్తుతో జత చేసిన హాజరు పట్టీ నా దగ్గర ఉండిపోయింది. అందులో ముప్పై ఒక్క పేర్లు. కొత్త పట్టీ పక్కన పెట్టి పెన్సిలుతో ఒక్కో పేరూ కలుపుతూ వచ్చాను. రెండు కలిశాయి.